స్టీమరు అంటే మా తమ్ముడు

పోయిన నెల గుడివాడలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడికి జలుబు చేసింది. మామూలు జలుబే గానీ, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వాడికి ఏ చిన్న నలత వచ్చినా ఇల్లంతా కదలాలి. మా మరదలు పసుపు నీళ్ళు కాచి దుప్పటి ముసుగు వేసుకోమంటే వేసుకోడు, ఊపిరాడదంటాడు. అందుకని వాడి మనవరాలు శ్రేయ ఫోనులో ఏదో నొక్కి, ఆవిరి పట్టుకునే ప్లాస్టిక్ మిషను ఒకటి తెప్పించింది. నేను వాకిట్లో చెప్పులు విప్పుతుండగా కొరియరు వచ్చింది. శ్రేయ ఆ అట్టపెట్టె అందుకుని లోపలికి కేక వేసింది, "తాతయ్యా, నీ స్టీమరు వచ్చింది" అని.

నేను గుమ్మంలోనే నిలబడిపోయి నవ్వడం మొదలుపెట్టాను. లోపల్నుంచి వాడి నవ్వు వినిపించింది, నవ్వుతో పాటు దగ్గు. వంటింట్లో మా మరదలు కూడా గరిటె పక్కన పెట్టి నవ్వుతోంది. శ్రేయ ఒక్కతే ఏమీ అర్థం కాక, పెట్టె చంకన పెట్టుకుని నా మొహం చూసింది. "ఏమన్నానని?" అంది. "నువ్వేం తప్పనలేదమ్మా. ఆ పెట్టెలో ఉన్నదాని సంగతేమో గానీ, మా వైపు స్టీమరు అంటే మీ తాతయ్యే" అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక దానికి చెప్పిన సంగతే ఇది. చెబుతుంటే మా తమ్ముడు అడుగడుగునా అడ్డం వచ్చాడు. కాగితం మీద అడ్డం రాలేడు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది దివిసీమలో కోడూరు దగ్గర ఒక పల్లె. నాన్న కోడూరు బడిలో మాస్టారు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్న వాళ్ళ అమ్మ, నేను. నాన్న వాళ్ళ అమ్మను మేం మామ్మ అనేవాళ్ళం. దివిసీమ అంటే చుట్టూ నీళ్ళే. రెండు వైపులా కృష్ణ పాయలు, మూడో వైపు సముద్రం. ఉప్పు కొనాలన్నా, కోర్టుకెళ్ళాలన్నా, కళ్ళజోడు మార్పించుకోవాలన్నా ఏరు దాటి బందరు వెళ్ళాలి. బస్సుల మీదా ఆఫీసుల మీదా మచిలీపట్నం అని రాసి ఉంటుంది గానీ మా నోళ్ళల్లో అది ఎప్పుడూ బందరే. బందరు అంటేనే రేవు అని అర్థమని నాన్న చెప్పేవారు. నాన్నకు మాటల అర్థాలు చెప్పడమంటే సరదా. అన్నం తింటూ కూడా పప్పుకీ పులుసుకీ మధ్యలో ఒక మాట పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పేవారు. మామ్మ మజ్జిగ పోస్తూ, "ముందు తినరా, చల్లారిపోద్ది" అనేది.

మా రేవు నుంచి పులిగడ్డ దాకా ఏటికి ఎదురెక్కి వెళ్ళే స్టీమరు ఒకటుండేది. పులిగడ్డలో దిగితే బందరుకు బస్సు. స్టీమరు అనగానే పెద్ద ఓడను ఊహించుకోకండి. రెండు ఎడ్లబళ్ళు వరసగా నిలబెట్టినంత పొడవు, నడుమ నల్లటి పొగగొట్టం, దాని కింద బొగ్గు తినే బాయిలరు, ముందు వైపు జనం కూర్చోవడానికి బల్లలు, వెనకాల తాడు కట్టి లాక్కెళ్ళే ధాన్యం పడవలు. కాలిన బొగ్గు, కాగిన నూనె, తడిసిన తాడు, జనం మూటల్లోని ఎండుచేపలు, ఇవన్నీ కలిసిన వాసన దానిది. ఇప్పటికీ ఎక్కడైనా రోడ్డు వేసేవాళ్ళు తారు కాస్తుంటే నాకు ముందు ఆ బల్లలే గుర్తొస్తాయి.

మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. పొద్దున స్టీమరు కూత వినపడితే మామ్మ ఎసరు పెట్టేది. సాయంత్రం తిరిగొచ్చిన కూత వినపడితే లాంతరు చిమ్నీ తుడిచేది. ఆ తుడవడానికి ముందు ముక్కుపొడి డబ్బా తీసి ఒక పట్టు పట్టి, రెండు తుమ్ములు తుమ్మి, "ఇక పొద్దు గుంకినట్టే" అనేది. కూత ఆలస్యమైన రోజున మా ఇంట్లో అన్నం కూడా ఆలస్యమే. నాన్న గోడ మీది గడియారం చూపించి బడికి వేళయిందని మొత్తుకునేవారు. "అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుద్ది. స్టీమరు అట్టా కాదు" అనేది మామ్మ.

స్టీమరు అనే మాట మామ్మకు నోరు తిరగక కాదు, కోపం వచ్చినప్పుడు మాత్రం పొగ ఓడ అనేది. అక్కడే నాన్నకూ మామ్మకూ పేచీ. "పొగతో ఓడ నడవదమ్మా. నీళ్ళు కాగితే ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరి ఇంజను తిప్పుతుంది. స్టీమ్ అంటే ఆవిరి. ఆవిరి ఓడ అనాలి" అనేవారు నాన్న. మామ్మ కాసేపు విని, "పొగ ఊరవతల నుంచి కనపడద్ది. ఆవిరి ఎవరికి కనపడిందిరా? కనపడేదాన్ని బట్టే గదా పేరు పెట్టేది" అనేది. ఒకసారి నాన్న నిరూపించి తీరాలని ఎసరు గిన్నె మీద మూత పెట్టి, ఆవిరికి అది ఎలా ఎగిరి పడుతోందో చూపించారు. మూత ఎగిరి పొయ్యిలో పడి, గంజి పొంగి, మంట ఆరిపోయి, ఇల్లంతా పొగ నిండింది. మామ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇదేంటి మరి, ఆవిరా?" అంది.

అమ్మది గుడివాడ. రైలు స్టేషను పక్కనే పుట్టి పెరిగిన మనిషి. పొగబండి పట్టాల మీద నిలకడగా వెళుతుంది, ఏ ఊళ్ళో ఆగుతుందో ముందే తెలుస్తుంది, దానికి ఒక పద్ధతి ఉంది, నీళ్ళ మీద ఊగుతూ పోయే ఈ స్టీమరు ఏం బండి అని అమ్మ అభిప్రాయం. ఆవిరా పొగా అని వాదన ముదిరినప్పుడు నాన్న అమ్మను తీర్పు చెప్పమనేవారు. "రెండూ కాదు, మసి. తెల్లచీర కట్టుకుని ఎక్కి దిగండి, తెలుస్తుంది" అనేది అమ్మ. ఆ మాటకు మామ్మ, నాన్న ఇద్దరూ కలిసి నవ్వేవారు.

అమ్మ నవ్వించడం మానేసిన రోజులు కూడా వచ్చాయి. నా తర్వాత ఒక పిల్లవాడు పుట్టి, పుట్టిన రోజే పోయాడు. వానాకాలం, ఏరు పొంగి స్టీమరు తిరగని రోజులు, మంత్రసాని తప్ప ఎవరూ అందుబాటులో లేరు. అమ్మ అందరితోనూ మాట్లాడేది, ఇంటి పనంతా చేసేది, సాయంత్రం ప్రార్థనలో పాట కూడా అందుకునేది. కానీ కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచిపోయేది. మామ్మ ఆ కంచం వైపు చూసి ఏమీ అనేది కాదు. మామ్మ ఏమీ అనకపోవడం మా ఇంట్లో పెద్ద విషయం.

అందుకే అమ్మకు మళ్ళీ నెలలు నిండుతున్నప్పుడు మామ్మ గట్టిగా చెప్పింది. "ఈసారి ఇంట్లో వద్దు. ముందుగానే బందరు ఆసుపత్రికి తీసుకుపోతాను. అక్కడ దొరసాని డాక్టర్లున్నారు" అంది. దొరసానులు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది గానీ మామ్మకు ఆసుపత్రి అంటే దొరసానులే. నాన్నకు బడిలో పరీక్షలు. నన్ను ఎవరి దగ్గరా వదలలేక వెంట తీసుకెళ్ళారు. అలా మామ్మ, అమ్మ, నేను ఒక పొద్దున స్టీమరు ఎక్కాం. రేవులో నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, నాతో, "అమ్మ పక్కనే ఉండు, ఇంజను దగ్గరకు పరిగెత్తకు" అన్నారు. నేను తలూపాను. ఆ మాట పులిగడ్డ దాకా నిలుపుకోవాలనే అనుకున్నాను.

ఆ రోజు స్టీమరులో మాతో పాటు కూచిపూడి భాగవతులు ఎక్కారు. మా పక్క ఊళ్ళో ముందు రోజు ఆట ఆడి, తిరిగి వాళ్ళ ఊరు వెళుతున్నారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే మేళం అది. ట్రంకుపెట్టెలు, గుడ్డలో చుట్టిన మద్దెల, కర్రకు చుట్టిన రంగుల తెర. వాళ్ళలో పెద్దాయన రాణి వేషం కట్టే మనిషి. మొహం కడుక్కున్నా కళ్ళ అంచున కాటుక ఇంకా పోలేదు. మెడలో జంధ్యం, చెవులకు పోగులు, ఆ కాటుక కళ్ళు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. మామ్మ ఆయన్ను అయ్యగారూ అని పలకరించింది. మా ఇళ్ళల్లో అయ్యగారు అంటే చర్చిలో వాక్యం చెప్పే పాస్టరు గారు. అందుకని నేను చాలాసేపు ఈయన కూడా పాస్టరేమో, కాటుక ఎందుకు పెట్టుకున్నారో అనుకున్నాను.

మా ఎదురు బల్ల మీద నాగమ్మ కూర్చుంది. ఆమెది బందరు పక్కన గిలకలదిండి. మా ఊళ్ళకు వచ్చి ఎండుచేపలు కొని, బందరు తీసుకెళ్ళి అమ్ముకునే మనిషి. గట్టి గొంతు, చేతులకు మోచేతుల దాకా పచ్చబొట్లు. ఎక్కగానే ఆమెకూ మామ్మకూ మాట పట్టింపు వచ్చింది. "ఆ గంప అవతల పెట్టు తల్లీ, మా కోడలు వట్టి మనిషి కాదు, వాసనకు కడుపులో తిప్పుద్ది" అంది మామ్మ. "కడుపుతో ఉన్నోళ్ళకి మా చేపంటేనే నోరూరుద్ది, అడుగు ఆ అమ్మాయిని" అంది నాగమ్మ. అమ్మ మొహం ఏటి వైపు తిప్పుకుంది. గంప అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండిపోయింది.

మా ఏట్లో సముద్రపు పోటు పైదాకా వస్తుంది. పోటు మీద వెళితే నీళ్ళు నిండుగా ఉంటాయి, ఆటు మొదలైతే ఇసుక మేటలు పైకి తేలతాయి. స్టీమరు నడిపే మనిషిని సరంగు అంటారు. మా సరంగు గారు పొడవాటి మనిషి, మాట తక్కువ, తలపాగాలో దువ్వెన పెట్టుకునేవాడు. ఆ రోజు ధాన్యం పడవలు కట్టడం ఆలస్యమై, బయలుదేరడమే వేళ మించింది. సగం దారిలో ఒక వంపు దగ్గర కిందనుంచి గరగరమని చప్పుడైంది. స్టీమరు మెల్లగా, ఏదో ఆలోచించుకుంటున్నట్టు ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూశారు, వెదుళ్ళతో నెట్టి చూశారు. నీళ్ళు మా కళ్ళ ముందే తగ్గిపోతున్నాయి. సరంగు గారు వచ్చి, "మేట తగిలిందండీ. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. కంగారు పడకండి" అన్నాడు. ఎవరూ కంగారు పడలేదు. ఇలాంటివి అలవాటే. కొందరు చుట్టలు వెలిగించారు, భాగవతుల్లో ఒకాయన నిద్రకు పడ్డాడు.

అప్పుడు అమ్మ మామ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, నొప్పులండీ" అంది చిన్నగా.

మామ్మ ధైర్యం గల మనిషి. ఊళ్ళో ఎన్నో పురుళ్ళ దగ్గర నిలబడింది. కానీ ఆ క్షణంలో ఆమె మొహం తెల్లబోయింది. పోయినసారి జరిగిందే ఆమె కళ్ళ ముందు ఆడి ఉంటుంది. రెండు గట్లూ దూరంగా ఉన్నాయి, నడుమ బురద, ఇసుక, మోకాళ్ళ లోతు నీళ్ళు. "ప్రభువా, ప్రభువా" అంటోంది తప్ప కాళ్ళు కదలడం లేదు. నాగమ్మ ఇటు చూసింది. చీర చెంగు బిగించి లేచి, తన గంపను తనే ఎత్తి అవతలి కొసకు విసిరినంత పని చేసింది. "పెద్దమ్మా, నువ్వు తల దగ్గర కూకో. ఆ పిల్లని భయపెట్టమాక. నేను చూసుకుంటా" అంది. తర్వాత సరంగు వైపు తిరిగి, "నీ బాయిలర్లో వేడినీళ్ళున్నాయి గదా, బిందెడు తీయించు. మగాళ్ళంతా ఆ పక్కకి పోండి" అని అరిచింది.

మగాళ్ళు పోవడానికి ఆ స్టీమరులో ఆ పక్క అంటూ ఎక్కువేం లేదు. భాగవతుల పెద్దాయన లేచి, కర్రకు చుట్టిన తెర విప్పమన్నారు. ఎర్ర అంచు, పసుప్పచ్చ నడుము ఉన్న పెద్ద తెర. వేషం రంగం మీదకు వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని అడ్డంగా నిలబడతారు, దాని వెనక నుంచి వేషగాడు పాటతో ప్రవేశిస్తాడు. ఆ ఇద్దరూ అలవాటుగా కొసలు పట్టుకున్నారు, కాకపోతే ఈసారి వీపులు మా వైపు, మొహాలు ఏటి వైపు. పెద్దాయన కూడా అటు తిరిగి నిలబడి, "అమ్మా, మావల్ల ఇబ్బందేమీ లేదు. మీ పని మీరు చూసుకోండి. మేం ఏదన్నా పాడుకుంటూ ఉంటాం" అన్నారు. మద్దెల విప్పారు. అమ్మ మూలుగు ఎవరికీ వినపడకూడదని ఆయన ఎత్తుకున్న పాట ఒక తాళంలో, తెర లోపల మామ్మ భయంతో ఎత్తుకున్న చర్చి పాట ఇంకో తాళంలో సాగాయి. ఏ పాట ఎక్కడ ముగుస్తుందో తెలియని ఆ గోలలో అమ్మ ఒకసారి, "అబ్బ, ఎవరో ఒకరు ఆపండి" అంది. ఎవరూ ఆపలేదు.

నన్ను తెర వెనక ఉండనివ్వలేదు. అమ్మ పక్కనే ఉండమన్న నాన్న మాట అలా పోయింది. సరంగు గారు నన్ను తన పక్కన ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. దగ్గర్లో ఏదన్నా పడవ ఉంటే వస్తుందని ఆయన ఉండుండి కూత వేస్తున్నాడు. బాయిలరు మనిషి నిప్పు ఆరిపోకుండా బొగ్గు వేస్తూనే ఉన్నాడు, ఎప్పుడు వేడినీళ్ళు అడుగుతారో తెలియదని. పొగ నేరుగా పైకి లేస్తోంది. నాకు ఏడుపు రావడం లేదు గానీ పళ్ళు టకటకమంటున్నాయి. సరంగు గారు తలపాగాలోంచి దువ్వెన తీసి నాకిచ్చి, "జుట్టు దువ్వుకోమ్మా, అమ్మ చూస్తే కోప్పడద్ది" అన్నాడు. నేను దువ్వుకుంటూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా జీవితంలో ఇంకెప్పుడూ తల దువ్వుకోలేదు.

నీళ్ళు తిరిగి పెరగడం మొదలైంది. స్టీమరు అంచున చిన్న చిన్న అలలు తట్టడం వినిపిస్తోంది. అప్పుడు నాగమ్మ గొంతు గట్టిగా, "వచ్చాడు, వచ్చాడు, మగపిల్లాడు" అంది. మద్దెల ఆగిపోయింది. మామ్మ పాట ఆగిపోయింది. అందరం ఏడుపు కోసం ఎదురుచూశాం. ఏడుపు లేదు. తెర కింది సందులోంచి నాగమ్మ పాదాలు అటూ ఇటూ కదలడం, పిల్లవాడి వీపు మీద చరుస్తున్న చప్పుడు. సరంగు గారి ధ్యాసంతా పడవ కోసమే, ఆయన ఏటి వైపు చూస్తూ మళ్ళీ కూత తాడు లాగాడు.

కూతా ఏడుపూ ఒకేసారి వినిపించాయి.

కూతకు ఉలిక్కిపడి పిల్లవాడు ఏడ్చాడని మామ్మ బతికినన్నాళ్ళూ చెప్పింది. కూత కాదు, తన చెయ్యి పడితే ఏడ్చాడని నాగమ్మ అంది. నేను తెర ఇవతల ఉన్నాను. ఏది ముందో నాకు నిజంగా తెలియదు. తెలిసిందల్లా ఆ తర్వాత సంగతి. సరంగు గారు పిల్లవాడి ఏడుపు విని తాడు వదలడం మర్చిపోయాడు. ఆ కూత ఆగకుండా మోగుతూనే ఉంటే, లోపల్నుంచి బాయిలరు మనిషి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని విడిపించాడు.

కాసేపటికి నన్ను లోపలికి రానిచ్చారు. అమ్మ బల్లకు ఆనుకుని, పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. జుట్టంతా చెమటకు నుదుటికి అంటుకుపోయింది, చెంప మీద పెద్ద మసి మరక. వాణ్ణి చూసింది, నన్ను చూసింది, మామ్మను చూసింది. "అత్తయ్యా, ఆకలేస్తోందండీ" అంది. మామ్మ తెచ్చిన మూటలో రొట్టె తప్ప ఏమీ లేదు. తెర అవతల నుంచి పెద్దాయన ఆ మాట విన్నారు. ఆ రోజుల్లో పడవల్లో ఎవరి చెంబు వాళ్ళదే, ఎవరి నీళ్ళు వాళ్ళవే. ఆయన తమ క్యారేజీ తెచ్చి, విస్తరాకు పరిచి, తన చేత్తోనే పెరుగన్నం పెట్టారు. పక్కన ఊరగాయ వేస్తూ, "బాలింతకు కారం వద్దేమో" అని సందేహించారు. "వెయ్యండి బాబూ, ఏం కాదు" అంది నాగమ్మ. అమ్మ ఆకు ఊడ్చుకుని తింది. ఇంకా ఉందా అని అడిగింది. మామ్మ అప్పుడు వెనక్కి తిరిగి, కొంగులో మొహం దాచుకుని, ఇంత పెద్ద మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది.

పోటు నిండాక స్టీమరు తేలింది. పులిగడ్డ చేరేసరికి ఎవరో ముందే చెప్పినట్టు రేవు నిండా జనం. భాగవతులు మమ్మల్ని బస్సు ఎక్కించి తమ దారిన వెళ్ళారు. నాగమ్మ ఆసుపత్రి దాకా మాతోనే వచ్చింది. ఆమె చేపల గంప గిలకలదిండి చేరిందో లేదో ఆ గొడవలో మామ్మ అడగడం మర్చిపోయింది. బందరు వెళ్ళినప్పుడల్లా ఆమెను వెతికి చీర పెట్టి వచ్చేది, వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవారు. మరుసటి రోజు నాన్న పరుగెత్తుకొచ్చారు. పిల్లవాణ్ణి ఎత్తుకుని, "ఏం పేరు పెడదాం?" అని అమ్మను అడిగారు. సుందరరావు అని వాళ్ళిద్దరూ అనుకునేలోపే మా ఊళ్ళో పేరు స్థిరపడిపోయింది. పిల్లవాణ్ణి తీసుకుని మేం మళ్ళీ ఆ స్టీమరులోనే తిరిగొస్తే, రేవులో ఎవరో, "స్టీమరు స్టీమరెక్కి వచ్చాడు" అన్నారు. అంతే.

వాడు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది ముద్దుపేరే. బందరు హాస్టల్లో చేరాక వాడి ప్రాణం మీదకొచ్చింది. నడిస్తే కూత వేసేవాళ్ళు, పరిగెడితే పొగ వస్తోందనేవాళ్ళు. ఒక వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి, స్టీమరు అని పిలిస్తే ఎవరికీ పలకనని ప్రకటించాడు. నిజంగానే పలకలేదు. మామ్మ అన్నానికి పిలిచినా కూర్చోలేదు. నాన్న ఇదే సందనుకుని, "పోనీ ఆవిరి అని పిలుద్దామా?" అన్నారు. వాడు ఆ పూట అన్నం మానేశాడు. అప్పటికి మా రేవులో బొగ్గు స్టీమరు పోయి డీజిలు లాంచీ వచ్చింది. జనం దాన్ని కూడా స్టీమరే అన్నారు. నాన్నకు ఇది తట్టుకోలేని విషయం. రేవులో నిలబడి, "ఇందులో ఆవిరి ఏదండీ? లాంచీ అనండి" అని కనపడినవాళ్ళందరికీ చెప్పేవారు. "అలాగే మాస్టారూ" అనేవాళ్ళు. "స్టీమరు ఎన్నింటికండీ?" అని మళ్ళీ ఆయన్నే అడిగేవాళ్ళు.

వాడి పెళ్ళి గుడివాడలో. మా ఊరి వాళ్ళు లారీ కట్టించుకుని వచ్చారు. ఊరికి కొత్త, చర్చి ఎక్కడో తెలియదు, శుభలేఖ ఎవరి దగ్గరా లేదు. దారిలో కనపడిన ప్రతి మనిషినీ, "స్టీమరు పెళ్ళి ఎక్కడండీ?" అని అడిగారు. గుడివాడ వాళ్ళు కాలవ వైపు చూపించారు. లారీ కాలవ గట్టంతా తిరిగి తిరిగి, ప్రమాణాలు అయిపోయి, వధూవరులు చర్చి మెట్లు దిగుతుండగా వచ్చింది. లారీలోంచి మా సరంగు గారు దిగి, కొత్త పెళ్ళికూతురి ముందే, "ఒరే స్టీమరూ, ఊరంతా తిప్పావు గదరా" అన్నాడు. మా తమ్ముడి మొహం మాడిపోయింది. పెళ్ళికూతురు మాత్రం ఆ పేరెందుకొచ్చిందో చెప్పేదాకా ఫోటోకు నిలబడనంది. మెట్ల మీదే సరంగు గారు చెప్పాడు. మా మరదలు నాతో తర్వాత అంది, "వదినా, ఆ రోజు పాస్టరు గారు ఏం చెప్పారో నాకొక్క ముక్క గుర్తులేదు, ఇదే గుర్తుంది" అని.

ఆ తర్వాత కొంతకాలానికి ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. రేవు పక్కన పడేసిన పాత స్టీమరు ఏమైందో ఎవరికీ తెలియదు. సరంగు గారు కూడా ఆ ఉప్పెనలోనే పోయాడు.

శ్రేయ అంతా విని, "నేను ఆ చోటు చూడాలి" అంది. జలుబు తగ్గాక వెళదామన్నాడు మా తమ్ముడు. దానికి కాలేజీ తెరిచేశారు, రావడం కుదరలేదు. చివరికి వాడూ నేనూ కారులో బయలుదేరాం. గుడివాడలో టిఫిను తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి కోడూరులో ఉన్నాం, అదీ దారిలో టీ తాగి, బందరులో లడ్డూలు కొనుక్కుని. ఇప్పుడు ఏటి మీద పొడవాటి వంతెన ఉంది. అమ్మ ఒక పగలంతా పడ్డ ప్రయాణం ఆ వంతెన మీద ఒక పాట పూర్తయ్యేలోపు అయిపోతుంది. అది బాగుంది. పోటు కోసం ఎదురుచూస్తూ ఏ ఆడమనిషీ అలా పడి ఉండకూడదు. ఆ రోజు మంచి జరిగింది కాబట్టి నేనిలా నవ్వుతూ రాస్తున్నాను గానీ, జరగని ఇళ్ళు ఎన్నో మా సీమలో ఉన్నాయి, మా ఇల్లు కూడా ఒకసారి అందులో ఉంది. కానీ ఇప్పుడు దారిలో పక్కన కూర్చున్న మనిషి పేరు కూడా మనకు తెలియదన్నది కూడా నిజమే.

వెళ్ళేటప్పుడు వంతెన నడుమ మా తమ్ముడు కారు ఆపించాడు. కింద ఆటు సమయం, ఇసుక అక్కడక్కడా బయటపడి ఉంది. "ఎక్కడక్కా?" అన్నాడు. మేటలు ప్రతి వరదకూ చోటు మారతాయి, నాకెలా తెలుస్తుంది, తెలియదురా అని నిజమే చెప్పాను. వాడు పిట్టగోడ పట్టుకుని నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. రొయ్యల లారీలు పోతున్నాయి. బైకు మీద వెళుతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు.

"ఏమండీ, బండి చెడిపోయిందా?"

"లేదండీ. నేను ఇక్కడే పుట్టాను, చూసుకుంటన్నా" అన్నాడు మా తమ్ముడు.

ఆయన వంతెనను చూశాడు, మా వాడి తెల్ల జుట్టు చూశాడు. "ఇక్కడంటే ఎక్కడండీ?" అన్నాడు.

"స్టీమరులో అండీ. స్టీమరు అంటే మీకు తెలుసా?"

"తెలీదండీ."

"నేనేనండీ" అన్నాడు వాడు. ఆయనకు ఏమర్థమైందో గానీ బైకు స్టాండు వేశాడు. మా తమ్ముడు మొదలుపెట్టాడు. వాడు చెప్పిన కథలో ఏట్లో తుఫాను వచ్చింది, భాగవతులు కిరీటాలు పెట్టుకునే ఉన్నారు, కూత సముద్రం దాకా వినిపించింది. వాడు ఇవేవీ చూడలేదు, అన్నీ మామ్మ దగ్గర విన్నవే. నేను ఎక్కడా సరిదిద్దలేదు. వింటూ నిలబడ్డాను.